చేప ముక్కు నుంచి ముందుమెదడు దాకా: డైఐ రంగుతో వాసన నాడుల దారి పట్టుకోవడం ఎలా

జీబ్రాఫిష్‌లో వాసన నాడులు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరతాయో కళ్లారా చూడటానికి పెద్ద హంగులేమీ అక్కర్లేదు. బాగా ఫిక్స్ చేసిన (రసాయనంతో చెడకుండా స్థిరపరిచిన) తల, రవ్వంత డైఐ స్ఫటికం, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, మంచి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉంటే పని జరుగుతుంది. డైఐ కొవ్వులో కరిగే రంగు. నాడీకణం పైపొరలో దిగి, ఆ పొర వెంబడే పాకుతూ పోతుంది. అలా పాకడానికి కణం బతికి ఉండాల్సిన పని లేదు కాబట్టి ప్రాణమున్న చేప మీద శస్త్రచికిత్స తప్పుతుంది.

దీనికో హద్దు ఉంది. రంగు సినాప్స్ (ఒక నాడీకణం ఇంకోదానితో కలిసే చోటు) దగ్గర ఆగిపోతుంది, అవతలి కణంలోకి దూకదు. ముక్కులో పెట్టిన స్ఫటికం ఆల్ఫాక్టరీ బల్బు (వాసన సంకేతాలు మెదడులో మొదట చేరే భాగం) దాకానే చూపిస్తుంది. బల్బు నుంచి ముందుమెదడులోకి పోయే దారి కావాలంటే స్ఫటికం బల్బులోనే పెట్టాలి. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే తలలో, ఒకే రంగుతో తెలుసుకోవాలని చూస్తే రెండూ కలగాపులగమవుతాయి. కాబట్టి మొదటి నిర్ణయం ఇదే: మీకు కావలసింది మొదటి అంచె (ముక్కు నుంచి బల్బు) దారా, రెండో అంచె (బల్బు నుంచి ముందుమెదడు) దారా?

చేయి పెట్టేముందు దారి తెలియాలి

చేప ముక్కుకు ఊపిరితో పని లేదు. జీబ్రాఫిష్‌లో ఒక్కో పక్క రెండు రంధ్రాలుంటాయి. ముందు రంధ్రం గుండా నీరు లోపలికి వచ్చి వెనక రంధ్రం గుండా బయటికి పోతుంది, నోటితో సంబంధం ఉండదు. ఆ రెంటి మధ్య ఉన్న గుంటలో రోజెట్ ఉంటుంది. నడుమ ఒక గట్టు, దానికి అటూ ఇటూ వరసగా నిలబడ్డ పలచని మడతలు. ఆ మడతలనే లామెల్లాలంటారు. వాసన పట్టే నాడీకణాలన్నీ వాటి మీదే ఉంటాయి.

ఈ కణాల్లో ముఖ్యమైనవి మూడు రకాలు. సీలియా (వెంట్రుకల్లాంటి పోగులు) ఉన్నవి ఎపిథీలియంలో (ముక్కు లోపలి పైపొరలో) లోతుగా ఉంటాయి, వాటి డెండ్రైట్ (సంకేతం అందుకునే కొమ్మ) పొడవు. మైక్రోవిల్లై (ఇంకా పొట్టి పోగులు) ఉన్నవి కాస్త పైన ఉంటాయి. క్రిప్ట్ కణాలు ఉపరితలానికి బాగా దగ్గరగా, గుండ్రంగా కనిపిస్తాయి. గత పదేళ్ల పైచిలుకులో కాపే కణాలనీ, పియర్ ఆకారపు కణాలనీ మరో రెండు రకాలు ఈ జాబితాలో చేరాయి. ఏ రకమైనా సరే, దాని ఆక్సాన్ (సంకేతం మోసుకెళ్లే పొడవాటి తంతువు) మధ్యలో ఎక్కడా ఆగకుండా తన వైపు బల్బుకే చేరుతుంది; కొద్ది ఆక్సాన్లు మాత్రం బల్బును దాటి ముందుకు పోతాయి. ఈ మొదటి అంచెలో నాడులు అవతలి పక్కకు దాటవు. ఆ సంగతి మనకు చాలా అక్కరకొస్తుంది, కింద చూస్తారు.

బల్బులో బయటి నుంచి లోపలికి నాలుగు పొరలు: నాడీ తంతువుల పొర, గ్లామెరులస్‌ల పొర, మైట్రల్ కణాల పొర, గ్రాన్యూల్ కణాల పొర. గ్లామెరులస్ అంటే ముక్కు నుంచి వచ్చిన ఆక్సాన్ల కొసలు మైట్రల్ కణాల (బల్బు నుంచి ముందుమెదడుకు సంకేతం పంపే కణాల) డెండ్రైట్లతో ముడిపడే ఉండ. పెద్ద జీబ్రాఫిష్ బల్బు ఒక్కొక్కదానిలో ఇవి సుమారు 140 ఉంటాయి. వాటిలో పెద్దవి కొన్ని ప్రతి చేపలోనూ ఒకే చోట కనిపిస్తాయి కాబట్టి వాటికి పేర్లున్నాయి. చిన్నవి గుంపులుగా ఉంటాయి, ఒక చేపకూ ఇంకో చేపకూ పోల్చి ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం కుదరదు. చేపల మైట్రల్ కణాలకు క్షీరదాల్లో ఉన్నట్టు పక్కలకు పోయే రెండో రకం డెండ్రైట్లు ఉండవు. జీబ్రాఫిష్‌లోనైతే ఎక్కువ కణాల డెండ్రైట్ ఒకే గ్లామెరులస్‌లోకి దిగుతుంది.

ఏ వాసన ఎక్కడ పలుకుతుందన్న లెక్క కూడా ఉజ్జాయింపుగా తెలుసు. తిండి జాడ చెప్పే అమైనో ఆమ్లాలకు బల్బు పక్కభాగం, పైత్యరసపు ఆమ్లాలకు నడిమి వైపు భాగం స్పందిస్తాయి. మైక్రోవిల్లై కణాల ఆక్సాన్లు ఎక్కువగా పక్క గ్లామెరులస్‌లకు, సీలియా కణాలవి పైభాగానికీ నడిమి భాగానికీ పోతాయి. ముక్కులో మాత్రం ఇలాంటి భూపటం వెతక్కండి. ఒకే గ్లామెరులస్‌కు పోయే కణాలు రోజెట్ అంతటా చెదిరి ఉంటాయని 1994లోనే డైఐతోనే తేలింది. బల్బులో ఉన్న క్రమం ముక్కులో లేదు, దారిలో ఆక్సాన్లు ఏరుకుని సర్దుకుంటాయి.

బల్బు దాటాక మైట్రల్ ఆక్సాన్లు రెండు కట్టలుగా, లోపలి ట్రాక్ట్, బయటి ట్రాక్ట్‌గా వెళ్తాయి. ముందుమెదడు కింది భాగంలో వీవీ, వీఎస్ అనే ప్రాంతాలు, పైభాగంలో వెనక పక్కగా ఉండే డీపీ, ఇంకా వెనక పోస్టీరియర్ ట్యూబర్‌క్యులమ్, హైపోథాలమస్, కుడి హబెన్యులా (మెదడు పైభాగంలో జంటగా ఉండే చిన్న ముద్దల్లో కుడిది) వాటి గమ్యాలు. డీపీని క్షీరదాల పిరిఫార్మ్ కార్టెక్స్‌కు (వాసనలకు సంబంధించిన మెదడు భాగానికి) సాటిగా లెక్కిస్తారు. కుడి హబెన్యులా అన్న మాట అచ్చుతప్పు కాదు: రెండు బల్బుల నుంచీ వచ్చే తంతువులు కుడి దానికే పోతాయి, ఎడమదానికి పోవు.

ఫిక్స్ చేయడం

మీ సంస్థ జంతు నైతిక సంఘం అనుమతి ముందు చేతిలో ఉండాలి. పెరిగిన చేపను లీటరుకు 300 మి.గ్రా. ఎంఎస్-222 (చేపలకు వాడే మత్తుమందు) ద్రావణంలో ఉంచి, మొప్పల కదలిక ఆగాక ఇంకో పది నిమిషాలు వదలాలి. ఎంఎస్-222 ద్రావణం పుల్లగా ఉంటుంది, సోడియం బైకార్బొనేట్ వేసి పీహెచ్ 7.0 నుంచి 7.5కి తేకపోతే చేపకు బాధ. పైగా ముక్కు ఎపిథీలియం ఆ నీటికి నేరుగా తగులుతుంది, ఆమ్లం దాన్ని చెడగొడుతుంది.

4% పారాఫార్మల్డిహైడ్ ఏ రోజుకారోజు చేసుకోవడం మేలు. ఫ్యూమ్ హుడ్ కింద 4 గ్రాముల పొడి 100 మి.లీ. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పు ద్రావణంలో) వేసి 60 డిగ్రీలకు వేడి చేయండి. తేటపడేదాకా ఒక్కో చుక్క 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వేయండి. చల్లార్చి, వడకట్టి, పీహెచ్ 7.4కి సరిచేయండి. సీసాలో దొరికే ఫార్మలిన్ వాడకండి. అందులో నిలవ కోసం మిథనాల్ కలుపుతారు, మిథనాల్ కణాల కొవ్వు పొరను కరిగిస్తుంది. రంగు పాకాల్సింది ఆ పొర మీదే. గ్లూటరాల్డిహైడ్ అసలు వద్దు, కణజాలం మొత్తం తనంతట తానే వెలగడం మొదలెడుతుంది.

తలను మొప్పల వెనకగా కోసి, కపాలం పైకప్పు కాస్త తెరిచి, కనీసం ఇరవై రెట్లు ఎక్కువ ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. పైకప్పు తెరవకపోతే ద్రావణం ఎముకను దాటి లోపలికి చేరేలోపు మెదడు నడిమి భాగం మెత్తబడిపోతుంది. అలాంటి మెదడులో రంగు పాకినా ఆక్సాన్లు పూసల్లా తెగి కనిపిస్తాయి. ఎక్కువ రోజులు ఫిక్స్ అయితే మాత్రం నష్టం లేదు. డైఐ పాత నమూనాల్లోనూ పనిచేస్తుంది.

స్ఫటికం ముందు, డిసెక్షన్ తర్వాత

కొత్తవాళ్లు చాలామంది మెదడును, ముక్కును కలిపి బయటికి తీసి, ఆ తర్వాత స్ఫటికం పెట్టబోతారు. అది తలకిందుల వరస. పెద్ద జీబ్రాఫిష్‌లో ముక్కుకూ బల్బుకూ మధ్య నాడి చాలా పొట్టి, కళ్ల మధ్య ఎముక సందులో ఇరుక్కుని ఉంటుంది. రంగు పాకకముందే దాన్ని లాగితే బల్బులోకి దిగే చోట పుటుక్కున తెగుతుంది, ఆ తెగడం పైకి కనిపించదు కూడా. తలను తలగానే ఉంచి స్ఫటికం పెట్టండి. ఇంక్యుబేషన్ అయ్యాకే డిసెక్షన్.

ముక్కులో పెట్టే విధానం ఇది. తలను సిలికాన్ అడుగున్న పళ్లెంలో సన్నని పిన్నులతో బిగించి, స్టీరియో మైక్రోస్కోప్ కింద రెండు రంధ్రాల మధ్య ఉన్న చర్మపు తెరను నంబర్ 5 ఫోర్సెప్స్‌తో తీసేయండి. రోజెట్ బయటపడుతుంది. గుంటలోని నీటిని ఫిల్టర్ పేపర్ మొనతో పీల్చేయాలి. ఈ పని వదిలేస్తే మిగతావన్నీ వృథా: తడి ఉంటే స్ఫటికం తేలుతుంది, విరుగుతుంది, ముక్కలు తల మీద ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటాయి. తర్వాత సన్నని పిన్ను కొసతో 50 నుంచి 100 మైక్రాన్ల స్ఫటికం ఒకటి తీసుకుని, రోజెట్ నడిమి గట్టు మొదట్లోకి గుచ్చండి. లామెల్లాల మీద చల్లడం కాదు, అడుగుకు దించాలి. ఆక్సాన్లు కట్టగా చేరేది అక్కడే. వెంటనే 40 డిగ్రీలకు చల్లారిన 2% అగరోజ్ చుక్క వేసి గుంటను మూసేయండి.

రవ్వలు రాలడం తలనొప్పిగా ఉంటే ఇంకో దారి ఉంది. డైఐని ఎథనాల్‌లో చిక్కగా కలిపి, టంగ్‌స్టన్ సూది మొనకు పూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ మొనను గుచ్చి కాసేపు ఉంచి తీయండి. మోతాదు తక్కువ పడుతుంది గానీ చోటు కచ్చితంగా ఉంటుంది. బల్బులో పెట్టేటప్పుడు ఈ పద్ధతే మేలు.

ఒక పక్కే పెట్టండి. రెండో పక్క ముక్కును ముట్టుకోకండి. ముక్కు నుంచి వచ్చే ఆక్సాన్లు అవతలి బల్బుకు దాటవని పైన చెప్పాం కదా. అవతలి బల్బు చీకటిగా ఉంటే మీ ప్రయోగం శుభ్రంగా జరిగినట్టు. వెలిగితే రంగు కారింది, ఆ తల పక్కన పెట్టేయండి.

బల్బులో పెట్టాలంటే కపాలం పైకప్పును బల్బుల మీద మాత్రం తీయండి. జీబ్రాఫిష్ బల్బులు ముందుమెదడుకు అంటుకునే, దాని ముందు కొసన ఉంటాయి. మధ్యలో చిన్న నొక్కు తప్ప విడిగా తొడిమ లేదు. అందుకే సూది కాస్త వెనక్కి జారినా రంగు నేరుగా ముందుమెదడులో పడుతుంది, ఆ తర్వాత కనిపించేదంతా అబద్ధమే. ముందు నుంచి వెనక్కి కాకుండా, పైనుంచి కిందికి గుచ్చండి. బల్బులో ముందు సగం దాటకండి. మెదడు పైపొరల్లో ఉండే నల్లని వర్ణకణాలను ముందే ఏరేస్తే తర్వాత చూడటానికి అడ్డుండవు.

ఎన్నాళ్లు ఆగాలి

స్ఫటికం పెట్టిన తలను 0.1% సోడియం అజైడ్ కలిపిన పీబీఎస్‌లో వేసి, మూత బిగించి, రేకు చుట్టి 37 డిగ్రీల దగ్గర చీకట్లో పెట్టండి. అజైడ్ బూజు పట్టకుండా కాపాడుతుంది. అది విషం, ఆమ్లంతో కలిస్తే ప్రమాదకరమైన వాయువు వస్తుంది కాబట్టి సింకులో పారబోయకూడదు.

ఫిక్స్ చేసిన కణజాలంలో రంగును మోసుకెళ్లే యంత్రాంగమేదీ లేదు. అది కేవలం వ్యాపనం. వ్యాపనంలో దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. ఒక మిల్లీమీటరు పోవడానికి నాలుగు రోజులు పట్టిందనుకోండి, రెండు మిల్లీమీటర్లకు ఎనిమిది కాదు, పదహారు రోజులు. "ఇంకో రెండు రోజులాగుదాం" అనే అంచనాలు తప్పేది ఇక్కడే. జీబ్రాఫిష్‌లో ముక్కు నుంచి బల్బుకు నాలుగు రోజుల నుంచి వారం చాలు. బల్బు నుంచి డీపీకి రెండు మూడు వారాలు, హబెన్యులా చూడాలంటే నాలుగు వారాల దాకా పెట్టుకోండి. ఇవి మొదలెట్టడానికి పనికొచ్చే అంకెలు. మీ చేపల పరిమాణాన్ని బట్టి ఒక్కో గడువుకు ఒక్కో తల తెరిచి చూసి సరిచేసుకోవాలి. వేడి పెంచితే త్వరగా అవుతుంది కదా అని 45, 50 డిగ్రీలకు వెళ్లకండి. రంగు పొరల నుంచి పక్క కణాల్లోకి ఊరడం మొదలవుతుంది.

కోయడం, చూడటం

గడువు తీరాక మెదడు బయటికి తీయండి. కపాలాన్ని వెనక నుంచి ముందుకు చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుంటూ రావాలి. కళ్ల మధ్యకు వచ్చాక ఎముక ముక్కను ఎప్పుడూ పక్కకే లాగాలి, ముందుకు లాగితే ముక్కు దానితోపాటు వచ్చేస్తుంది. కంటి నాడులను కింద నుంచి కత్తిరించండి.

4% అగరోజ్ దిమ్మెలో నిలబెట్టి, వైబ్రటోమ్ (కంపించే బ్లేడుతో పలచగా కోసే యంత్రం) మీద 50 నుంచి 100 మైక్రాన్ల మందంతో కోయండి. క్రయోస్టాట్ వద్దు: గడ్డకట్టి కరిగే క్రమంలో పొరలు చిట్లి రంగు మసకబారుతుంది. పారాఫిన్ అసలే కుదరదు, ఆల్కహాల్, జైలీన్ రంగును కడిగేస్తాయి. ట్రైటన్ లాంటి డిటర్జెంట్ కూడా అంతే. గ్లిసరాల్‌లో పెట్టిన స్లైడ్ మొదటి రోజు ముచ్చటగా ఉన్నా రోజులు గడిచేకొద్దీ రంగు పాకుతుంది. సెక్షన్లు పీబీఎస్‌లోనే పెట్టి, అంచులు మూసి, అదే రోజు లేదా మర్నాడు ఫొటోలు తీసేయండి. కేంద్రకాలు కనబడాలంటే డాపీ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము, పది నిమిషాలు. దానికి డిటర్జెంట్ అక్కర్లేదు.

డైఐ 549 నానోమీటర్ల దగ్గర వెలుతురు పీల్చి 565 దగ్గర వెలుగుతుంది. 561 లేజర్‌గానీ రోడమిన్ ఫిల్టర్‌గానీ సరిపోతుంది. రెండో రంగు కావాలంటే, డైఐ జాతి రంగుల్లోనే, డైఓ కన్నా డైడీ మంచి జోడీ. డైఐ, డైఓ వర్ణపటాలు ఒకదాని మీదికొకటి ఒరుగుతాయి. డైడీ 644 దగ్గర, దూరంగా ఉంటుంది. ఎలాగైనా రెండు చానెళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేయండి, ఒకేసారి కాదు.

ముందుమెదడు సెక్షన్ మొదటిసారి చూసినవాళ్లకు తికమక తప్పదు. క్షీరదాల మెదడు అర్ధగోళం లోపలికి ముడుచుకుని మధ్యలో గది ఏర్పడుతుంది. చేపల్లో అది బయటికి విచ్చుకుంటుంది, తెరిచిన పుస్తకంలా. అర్ధగోళం లోపల గది ఉండదు. ఖాళీ రెండు అర్ధగోళాల నడుమా, వాటి పైనా ఉంటుంది, దాని మీద పలచని పొర ఒకటి కప్పి ఉంటుంది. దాంతో క్షీరదాల్లో నడిమి వైపు ఉండే భాగాలకు సాటివి చేపలో బయటి వైపు తేలతాయి. హిప్పోక్యాంపస్‌కు సాటి భాగం పక్కన, అమిగ్డలాకు సాటిది నడుమ. ఎలుక మెదడు అట్లాస్‌కు అలవాటు పడిన కన్ను ఇక్కడ మోసం చేస్తుంది. జీబ్రాఫిష్ అట్లాస్ పక్కన లేకుండా డీపీని గుర్తించానని రాయకండి.

ఏం కనిపిస్తే ఏమని అర్థం

ముక్కు స్ఫటికం సరిగ్గా పనిచేస్తే నాడి కట్టంతా, బల్బు బయటి పొర, దానికింద గ్లామెరులస్‌లు గుచ్ఛాలుగా వెలగాలి. మైట్రల్ కణాల పొర నల్లగా ఉండాలి. మైట్రల్ కణాల దేహాలు వెలుగుతుంటే గడువు మరీ ఎక్కువైంది, రంగు కణం నుంచి కణానికి ఊరింది. బల్బు అంచు అంతా ఒకే మసకలా ఉండి గ్లామెరులస్‌లు విడివిడిగా తెలియకపోతే, స్ఫటికపు రవ్వ మెదడు పైపొర మీద పడి అక్కడి నుంచి పాకిందని లెక్క. నాడి మొదట్లో మంటలా వెలిగి పోనుపోను సన్నగిల్లితే తప్పేం లేదు, గడువు చాలలేదు, మిగిలిన తలలను ఇంకొన్నాళ్లు ఉంచండి.

ముక్కు స్ఫటికంతో ముందుమెదడులో సన్నని తంతువులు కొన్ని కనిపిస్తే మాత్రం వెంటనే కల్తీ అని కొట్టిపారేయకండి. రెండు నిజమైన కారణాలు ఉండొచ్చు. ఒకటి, టెర్మినల్ నాడి. దాని కణాలు బల్బు, ముందుమెదడు కలిసే కింది భాగంలో ఉంటాయి, తంతువులు వాసన నాడితో కలిసి నడుస్తాయి. రెండోది, బల్బులో ఆగకుండా దాన్ని దాటిపోయే ముక్కు ఆక్సాన్లు. ఇవి కొద్దిగా ఉంటాయి, బల్బు కింది అంచు వెంబడి ముందుమెదడు కింది భాగానికి పోతాయి. తేల్చుకునే పద్ధతి సులువే: కల్తీ మసకగా, ఉపరితలం మీద, ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. నిజమైన తంతువు సన్నగా, గీత గీసినట్టు, ప్రతి తలలోనూ అదే దారిలో ఉంటుంది.

బల్బు స్ఫటికాన్ని చదవడం ఇంకాస్త చిక్కు. డైఐ ముందుకూ వెనక్కీ రెండు దిక్కులా పాకుతుంది. బల్బు నుంచి బయల్దేరిన ఆక్సాన్లతోపాటు, ముందుమెదడు నుంచి బల్బుకు వచ్చే ఆక్సాన్లు కూడా తమ కణదేహాల దాకా వెలుగుతాయి. కాబట్టి ఒక ప్రాంతంలో వెలుగు కనిపించగానే "బల్బు ఇక్కడికి పంపుతోంది" అని రాయకూడదు. కొసలు సన్నని చుక్కల జాలంలా ఉంటే అక్కడికి పంపుతోంది. కేంద్రకం చుట్టూ నిండైన కణదేహం వెలిగితే అక్కడి నుంచి బల్బుకు వస్తోంది. రెండూ ఒకే చోట ఉండొచ్చు. యాంటీరియర్ కమిషర్ (మెదడు రెండు పక్కలనూ కలిపే తంతువుల వంతెన) గుండా అవతలి పక్కకు దాటే తంతువులు రెండో అంచెలో మామూలే, వాటిని కల్తీ అనుకోవద్దు.

స్ఫటికం పెట్టకుండా ఇంక్యుబేషన్ మాత్రమే చేసిన తల ఒకటి ప్రతి విడతలోనూ ఉండాలి. రక్తం కడగని మెదడులో ఎర్ర కణాలు తమంతట తామే వెలుగుతాయి. చేప ఎర్ర కణాలు కోడిగుడ్డు ఆకారంలో, కేంద్రకంతో ఉంటాయి కాబట్టి నాడీకణాలని పొరబడటం తేలిక. ఆకుపచ్చ చానెల్లో కూడా సమానంగా వెలుగుతుంటే అది డైఐ కాదు.

ఇంకో సంగతి: వెలిగే ఆక్సాన్ సీలియా కణానిదా, మైక్రోవిల్లై కణానిదా అన్నది డైఐ చెప్పలేదు. అది కావాలంటే ఓఎంపీ ప్రమోటర్‌తో (ఒక జన్యువును పనిచేయించే డీఎన్ఏ మీటతో) సీలియా కణాలు, టీఆర్‌పీసీ2 ప్రమోటర్‌తో మైక్రోవిల్లై కణాలు వెలిగే జన్యుమార్పిడి చేపలున్నాయి. 2005లో ఈ జంటతోనే రెండు రకాల దారులూ వేరని చూపించారు. యాంటీబాడీ పరీక్ష కలపాలంటే సాధారణ డైఐ బదులు సీఎం-డైఐ వాడండి, అది ప్రొటీన్లకు అతుక్కుంటుంది కాబట్టి మృదువైన డిటర్జెంట్‌ను కొంత తట్టుకుంటుంది.

పొడవు తొడిమ ఉన్న చేపలు

గోల్డ్‌ఫిష్, కార్ప్, క్యాట్‌ఫిష్‌లలో బల్బు ముక్కు పక్కనే ఉండి, ముందుమెదడు దాకా పొడవాటి ట్రాక్ట్ సాగుతుంది. చూడటానికి ఇవే అందం, కత్తెర చాలు, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కానీ ట్రాక్ట్ పొడవు వల్ల ఫిక్స్ చేసిన తలలో బల్బు నుంచి డైఐని ముందుమెదడు దాకా తేవడం పైన చెప్పిన లెక్క (దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు) ప్రకారం నెలల పని. ఇక్కడ ట్రాక్ట్‌ను ముందుమెదడుకు దగ్గరగా అడ్డంగా కోసి, కోసిన కొసలోనే స్ఫటికం పెట్టండి. లోపలి ట్రాక్ట్‌కు డైఐ, బయటి ట్రాక్ట్‌కు డైడీ పెడితే ఏది ఎక్కడ దిగుతుందో ఒకే మెదడులో పోల్చుకోవచ్చు. రెండు కట్టలనూ ముందుగానే పొడవునా చీల్చి, మధ్యలో అగరోజ్ అడ్డుగోడ వేయకపోతే రంగులు కలుస్తాయి.

ఈ విడదీయడానికి విలువుంది. క్రూషియన్ కార్ప్ అనే చేప మీద పరిశోధకులు హమ్దానీ, డోవింగ్ ఒక్కో కట్టనూ విడిగా కోసి చూశారు. బయటి ట్రాక్ట్ పోతే తిండి వాసనకు స్పందన పోయింది. లోపలి ట్రాక్ట్‌లో నడిమి వైపు కట్ట పోతే, 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ వర్ణించిన, గాయపడ్డ చేప చర్మం నుంచి వచ్చే హెచ్చరిక పదార్థానికి భయపడటం పోయింది. లోపలి ట్రాక్ట్‌లోనే పక్క కట్ట సంతానోత్పత్తికి సంబంధించిన వాసనలది.

పిల్ల చేపల్లో

హబెన్యులా దాకా మొత్తం దారిని కోయకుండా ఒకే చూపులో చూడాలంటే ఐదారు రోజుల జీబ్రాఫిష్ లార్వాకు మించింది లేదు. పిండాలను ఈ3 నీటిలో (పిండాలు పెంచే ఉప్పు ద్రావణంలో) 28.5 డిగ్రీల దగ్గర పెంచుతూ, 24 గంటల వయసు నుంచి 0.003% పీటీయూ కలపండి. నల్లని వర్ణకం రాదు. ఆలస్యంగా కలిపితే అప్పటికే వచ్చిన నలుపు పోదు. గడువు వయసుకు వచ్చాక మత్తు ఎక్కించి, 4% పారాఫార్మల్డిహైడ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఫిక్స్ చేసి, 1.5% లో-మెల్ట్ అగరోజ్‌లో ముక్కు పైకి ఉండేలా పెట్టండి.

ఈ పరిమాణానికి స్ఫటికం మరీ పెద్దది. డైమిథైల్‌ఫార్మమైడ్‌లో మి.లీ.కు 2 మి.గ్రా. డైఐ కలిపి, 10 మైక్రాన్ల మొన ఉన్న గాజు పైపెట్‌తో ముక్కు గుంటలోకి చిటికెడు ఊదండి. మొన నీటికి తగలగానే డైఐ గడ్డకట్టి సూది మూసుకుపోతుంది. అందుకే నీటిలో దించేటప్పటి నుంచే కొద్ది ఒత్తిడి ఉంచాలి, మొన మూసుకుపోతే విరగ్గొట్టి వాడటం కన్నా కొత్తది తీసుకోవడం మేలు, వెడల్పు మొన అవసరానికి మించి పోస్తుంది. ఒక రాత్రి చీకట్లో ఉంచితే ముక్కు నుంచి బల్బు దాకా వెలుగుతుంది.

బల్బు నుంచి హబెన్యులా చూసేందుకు అదే పైపెట్‌తో బల్బులో పొడిచి రెండు రోజులాగండి. 40 రెట్ల వాటర్ లెన్స్‌తో 1 మైక్రాను మెట్ల చొప్పున కాన్‌ఫోకల్ స్టాక్ తీయండి. లార్వాను మౌంట్ చేసేటప్పుడే ఏది కుడో ఏది ఎడమో రాసి పెట్టుకోవాలి. కొన్ని మైక్రోస్కోపుల్లో అద్దాల వల్ల బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. అనుమానముంటే ఒక పక్క కన్ను తీసేసిన లార్వాను ముందుగా స్కాన్ చేసి చూసుకోండి.